మొదటి వీణ కొనునపుడు

విజయదశమి సమీపించుచున్నదనగా మన గృహములు కొన్నింటియందు ఒక సంకల్పము మేల్కొనును. పిల్లకు తొమ్మిదవ ఏడు వచ్చినది. రేడియోలో వీణ వినవచ్చినపుడు చేతిలోని పని విడిచి వినుచున్నది. వీధి చివర వీణ నేర్పెడు టీచరుగారు ఉన్నారు. విద్య ప్రారంభించుటకు దశమి కంటె మంచి దినము వేరొకటి లేదు. ఇంతవరకు ఇంటిల్లిపాదికిని ఏకాభిప్రాయమే. పిమ్మట ఇంటి యజమాని కొంచెము గొంతు తగ్గించి అడుగును: "వీణకు ఎంతవుతుంది? ఎక్కడ కొనాలి? మంచిదో కాదో మనకు తెలిసేదెట్లా?"

ఈ ప్రశ్నలు మా వద్దకు తరచుగా వచ్చుచుండును. రేడియోలో పనిచేయువారు గనుక వీరికి తెలిసియుండునని పలువురి నమ్మకము. మేము వైణికులము కాము. కాని ఇరువది సంవత్సరములుగా స్టూడియో అద్దమునకు ఈవల కూర్చుండి, ఆవల వీణలను శ్రుతిచేయుట వినుచున్నవారము. అంతకంటె గట్టి అర్హత మరొకటి కలదు. మా కుటుంబమున మొదటి వీణను కొనుటలో మేము పెద్ద పొరపాటు చేసితిమి. అందుకు మూల్యము చెల్లించినది పదేండ్ల పిల్ల. ఆ కథ మొదట చెప్పి, పిదప విషయమునకు వచ్చెదము.

మా చెల్లెలి కూతురునకు వీణ కొనవలసివచ్చినపుడు ఒక నగరమునందలి దుకాణమునకు పోతిమి. గోడ పొడవున వీణలు వరుసగా ఉన్నవి. వానిలో ఒకదాని యాళి ముఖము బంగారు వన్నెతో మెరయుచుండెను. కుండ మీద లతలు, నెమళ్ళు. దుకాణదారు తీగల మీద చేయి నడిపి జల్లుమనిపించెను. మాకు అంతటితో తృప్తి కలిగెను. పక్కనున్న సాదా వీణను మేమెవరమును తాకి చూడలేదు. వీణ ఇంటికి వచ్చెను. పసుపు కుంకుమలు పెట్టి పూజచేసితిమి. పిల్ల టీచరుగారి ఇంట వారి వీణ మీద పాఠము చెప్పించుకొని, ఇంటికి వచ్చి తన వీణ మీద సాధన చేయసాగెను.

ఒక వేసవి గడచెను. అటుపిమ్మట టీచరుగారు ఒకే మాట పదేపదే చెప్పసాగిరి: "గాంధారం జారుతోంది. ఇంట్లో సాధన సరిగా చేయడం లేదు." పిల్ల రోజూ గంటసేపు సాధన చేయుచునే ఉన్నది. ఒకనాడు మాతో అనెను: "మామయ్యా, మనింట్లో గాంధారం వేరు, టీచరుగారింట్లో గాంధారం వేరు." మేమందరమును నవ్వితిమి. గాంధారము ఇంటికొకటి ఉండునా అని పరిహాసమాడితిమి. ఆ తరువాత ఆ పిల్ల ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్ళకు వీణకు గవిసెన తొడిగి మూలనుంచెను. కారణమడిగినచో, "నాకు చెవి లేదులే మామయ్యా" అనెను.

పిల్ల చెప్పినది అక్షరాల నిజము. దుకాణమున చూడవలసినదానిని మేము చూడలేదు. అదేమో ఇపుడు చెప్పుచున్నాము.

పెద్ద విద్వాంసుడు స్టూడియోకు వచ్చినపుడు చూడవలెను. ఎర్రదీపము వెలుగుటకు ముందు ఆయన ఒక్కొక్క తంత్రిని, ఒక్కొక్క మెట్టును విని చూచుకొనును. ఎక్కడనైన మెట్టు ఒక వెంట్రుకవాసి తగ్గియున్నచో వాయించునపుడు తంత్రిని ఆ మేరకు లాగి స్వరమును సరిదిద్దుకొనును. వినువారికి లోపము తెలియనే తెలియదు. ఆయన చెవి వీణకు యజమాని. నేర్చుకొనుచున్న పిల్ల సంగతి అట్లు కాదు. ఆమె చెవికి ఆ వీణయే గురువు. నాలుగవ మెట్టు మీద ఏ ధ్వని వచ్చిన అదియే అంతర గాంధారమని ఆమె నమ్మును. కావున మొదటి వీణ చౌకదైనను, సాదాదైనను ఫరవాలేదు. దాని స్వరస్థానములు మాత్రము సరియైనవి కావలెను. పెద్ద విద్వాంసునికంటె పసిపిల్లకే నిక్కమైన వీణ అవసరము. మేము చెప్పదలచిన ముఖ్యవిషయమిదియే. తక్కినవన్నియు దీనికి అంగములు.

వీణలో ధ్వనికి ఆధారమైనవేవి, అలంకారమునకైనవేవి అనునది మొదట తెలియవలెను. కుడివైపున గుండ్రని కుండ. దాని మీద మూతవలె అమర్చిన పలుచని కొయ్యపలక. ఆ పలక మీద తంత్రులను ఎత్తి నిలుపు గుఱ్ఱము. దాని నెత్తిన లోహపు రేకు. కుండ నుండి ఎడమకు సాగు దండి. దండి మీద ఇరువైపుల మైనపు గట్లు, ఆ గట్ల మీద 24 మెట్లు. చివర కిందికి వంగిన యాళి ముఖము, అడుగున సొరకాయ బుర్ర. మీటిన తంత్రి కంపమును గుఱ్ఱము పలకకు అందించును; పలకయు, కుండయు కలసి దానిని పెద్దదిగా చేయును. యాళి ముఖము చూపునకు అందము. బుర్ర ముఖ్యముగా వీణను ఎడమ తొడపై నిలుపు ఆధారము. దానిని ఎండిన సొరకాయతో గాక కాగితపు గుజ్జుతోను, లోహపు రేకుతోను, ఫైబరుతోను చేయుటయు కలదు. అందువలన పిల్ల సాధనకు నష్టము లేదు. మన డబ్బు కుండకు, పలకకు, దండికి, మెట్లకు పోవలెను.

కొయ్య విషయమున మనవారు పనసకే అగ్రతాంబూలమిత్తురు. చేవదేరి, బాగుగ ఆరిన పనస తేలికగను, గట్టిగను ఉండి ధ్వనిని నిలుపును. పచ్చి కొయ్యతో చేసిన వీణ తరువాత ఎండి, దండి వంగుటయో, కుండ పగులుటయో సంభవించును. వీణను ఒక కొన నుండి కన్నుపెట్టి, బాణపు పుల్లను చూచునట్లు చూడవలెను. దండి ఎటైన వంగినచో ఆ వీణను విడిచిపెట్టవలెను. కుండను మెత్తగా వేలి గంటుతో తట్టి, అన్ని తావులను ధ్వని ఒకే తీరున నుండునో లేదో వినవలెను. ఒకచోట మందముగా పలికినచో లోపల సమముగ తొలువలేదనియో, పగులును మైనముతో పూడ్చిరనియో అనుమానించవలెను.

కుండ, దండి, యాళి కలిపి ఒకే దుంగ నుండి తొలిచినచో అది ఏకాండి వీణ. భాగములను వేరువేరుగా చేసి అతికినచో అతుకుల వీణ. విజయనగరం జిల్లాలో బొబ్బిలి పట్టణమునకు చేరువనున్న గొల్లపల్లి ఏకాండి వీణలకు ప్రసిద్ధి. బొబ్బిలి సంస్థానాధీశుల ఆదరమున పెరిగిన ఆ విద్యను అచటి సర్వసిద్ధి వంశీకులు తరతరములుగా నిలుపుకొనివచ్చిరి. నూజివీడునందును వీణలు చేయువారు కలరు. తమిళ దేశమున తంజావూరు వీణలు ప్రసిద్ధములు. అచట అతుకుల వీణలు విరివిగా తయారగును. ఏకాండి వీణకు ఎక్కువ కొయ్య, ఎక్కువ శ్రమ పట్టును గనుక వెల అధికము. దాని ధ్వనికి ఒక అఖండత కలదని వైణికులందురు. కాని సామాన్య సంపాదనగల గృహస్థుడు ఏకాండి వీణ కొనలేకపోతినే అని చిన్నబుచ్చుకొన పనిలేదు. అతుకు బిగువుగా, ఖాళీ లేకుండ కుదిరినచో అతుకుల వీణ మీద పిల్ల ఎన్నో ఏండ్లు చక్కగ నేర్చుకొనగలదు. దండియు కుండయు కలియుచోట గోరుతో గీచి చూచిన అతుకు సంగతి తెలియును.

గొల్లపల్లిలో జ్ఞాపికలుగా ఇచ్చుటకు చిన్న చిన్న వీణలును చేయుదురు. అవి అద్దాల బీరువాకు అలంకారములు. పిల్ల చిన్నది గదా, చిన్న వీణ చాలునని వానిని చూచి భ్రమపడరాదు. వాయించు వీణ పొడవు రమారమి నాలుగడుగులుండును. పిల్లను బాసెపెట్టు వేయించి, వీణను ఒడిలో పెట్టి, ఎడమచేయి మొదటి మెట్టునకును, చివరి మెట్టునకును భుజము ఎగురవేయకుండ అందునో లేదో చూడవలెను. అందనిచో కొంత కురచ దండి గల వీణను వెదకుటయో, ఒక ఏడాది ఆగి అంతవరకు గాత్రము నేర్పించుటయో మేలు. ఆ ఏడాది వృథా కాదు; పాడ నేర్చిన చెవి వీణను త్వరగా పట్టుకొనును.

ఇక మెట్లు. వీణకు ప్రాణమిచటనే కలదు. ఇరువదినాలుగు మెట్లను స్థిరముగ నిలుపు పద్ధతి 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన, తెలుగున కావ్యములు రచించిన రఘునాథ నాయకుని కాలమున ఏర్పడినదని సంప్రదాయము. ఆ మెట్లను కొయ్యలో దిగగొట్టరు. తేనెమైనమున నల్లని పొడి కలిపి కాచి, దండి మీద గట్లు పోసి, ఆ గట్ల మీద ఇత్తడి లేక కంచు మెట్లను చెవితో వినుచు ఒక్కొక్కటిగా నిలుపుదురు. దీనికి మేళము కట్టుట అని పేరు. గిటారు మెట్లు కర్మాగారములో కొలతప్రకారము కోసిన గాడులలో కూర్చుండును. వీణ మెట్లు ఒక మనిషి చెవి చెప్పిన చోట కూర్చుండును. కనుక ఒకే దుకాణమునందు ఒకే వెలకు దొరకు రెండు వీణలలో ఒకటి సత్యము పలుకును, మరియొకటి అబద్ధము పలుకును. పైగా మైనము వేడికి మెత్తబడును. ఎండ తగులు కిటికీ ప్రక్క ఒక వేసవి గడపిన వీణలో మెట్లు కదలిపోవుట వింత కాదు.

మెట్లు సరిగానున్నవో లేవో సంగీతము రానివారు తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. వీణకు నాలుగు ప్రధాన తంత్రులు, పక్కగా మూడు తాళ తంత్రులు. ప్రధాన తంత్రులలో మొదటిది సారణి, షడ్జమము. రెండవది దాని దిగువ పంచమము. మూడవది మంద్ర షడ్జమము. నాలుగవది అనుమంద్ర పంచమము. తాళ తంత్రులు క్రమముగా షడ్జమము, పంచమము, పై షడ్జమము. దుకాణదారుచేత వీనినన్నిటిని శ్రద్ధగ శ్రుతి చేయించవలెను. పిమ్మట సారణిని ఏడవ మెట్టుపై నొక్కి మీటి, వెంటనే పంచమపు తాళ తంత్రిని మీటవలెను. రెండును ఒక్కటే స్వరము కావలెను. సారణిని పన్నెండవ మెట్టుపై నొక్కి, పై షడ్జమపు తాళ తంత్రితో పోల్చవలెను. అట్లే రెండవ తంత్రిని అయిదవ మెట్టుపై నొక్కినచో విడి సారణి పలుకవలెను. మూడవ తంత్రిని ఏడవ మెట్టుపై నొక్కినచో విడి రెండవ తంత్రియు, నాలుగవదానిని అయిదవ మెట్టుపై నొక్కినచో విడి మూడవ తంత్రియు పలుకవలెను.

స్వరములు కలిసినవో లేవో తెలియుటెట్లు? రెండు తంత్రులను ఒకేసారి మ్రోగించి చెవియొగ్గవలెను. అవి సరిగ కలిసినచో ధ్వని నూనె ధారవలె నిలుకడగ సాగును. ఏ కొంచెము తేడాయున్నను ధ్వని అలవలె లేచి పడుచు, ఉయ్యాలలూగును. తేడా పెరిగినకొలది ఊపు వేగమగును. దీనిని పోల్చుటకు రాగజ్ఞానము అక్కరలేదు. నిశ్శబ్దమైన గది చాలును. నేటి చేతి ఫోనులలో స్వరస్థానమును చూపు సాధనములు కలవు. వానిని తోడుతెచ్చుకొనుటలో తప్పు లేదు. అయితే తుది మాట టీచరుగారి చెవిదే. వారు రాగలిగినచో ప్రయాణపు ఖర్చు మనమే పెట్టుకొని వెంట తీసికొనిపోవలెను. ఆ ఖర్చు వంటి మంచి ఖర్చు వేరొకటి లేదు.

స్వరస్థానముల పరీక్ష ముగిసిన పిమ్మట నాలుగు తంత్రులను ఇరువదినాలుగు మెట్ల మీద వరుసగ మీటించి వినవలెను. మొత్తము 96 తావులు. తీరికగ వినినను అరగంట పట్టును. దుకాణదారు విసుగుకొనినను మనము విసుగుకొనరాదు. ఒకచోట జర్రుమని తీగ మెట్టునకు తగులు చప్పుడు రావచ్చును. ఒకచోట ధ్వని పుట్టిన క్షణముననే చచ్చిపోవచ్చును. ఇచట ఒక భేదము గమనింపవలెను. గుఱ్ఱము మీది లోహపు రేకు కొంచెము ఉబ్బెత్తుగ నుండుటచేత వీణ ధ్వనికి సహజముగనే ఒక ఝంకారము, ఒక జీవము ఉండును. అది అన్ని స్వరములందును సమముగ వినిపించును. దోషమైన జర్రుమనుట కొన్ని మెట్లయొద్దనే వినిపించును. మొదటిది వీణ గుణము, రెండవది మేళపు లోపము.

తంత్రులు మెట్లకు ఎంత ఎత్తున నున్నవో చూడవలెను. మరీ ఎత్తైనచో పిల్ల వేళ్ళు కోసికొనిపోయి, రెండవ వారమునకే వీణయన్న భయము పుట్టును. మరీ తక్కువైనచో గమకము పలుకునపుడు జర్రుమనును. మన సంగీతమునకు గమకమే ఊపిరి. కావున నడిమి మెట్టుపై సారణిని పక్కకు లాగించి చూడవలెను. రెండు మూడు స్వరముల మేర లాగినను తీగ మెట్టు కొన నుండి జారిపోరాదు, మైనపు గట్టునకు చిక్కుకొనరాదు. బిరడలు గట్టి మనిషి చేతికే తిరుగునట్లుండరాదు, వదలిన వెంటనే వెనుకకు తిరిగిపోవునట్లును ఉండరాదు. కొంచెము జారు బిరడకు సుద్దపొడి చాలును; గుంత అరిగిపోయిన బిరడకు మందు లేదు, మార్పించవలసినదే.

శ్రుతి విషయము కూడ ముందే ఆలోచింపవలెను. పూర్తి ప్రమాణపు వీణ సాధారణముగ రెండు మొదలు నాలుగు శ్రుతుల మధ్య హాయిగ పలుకును. ఆడపిల్లల గాత్రము సామాన్యముగ అంతకు పైనుండును. పిల్ల గొంతునకు సరిపోవునట్లు వీణను అయిదున్నరకు బిగింపుమని అడుగు తల్లిదండ్రులు కలరు. అట్లు బిగించినచో తీగలు తెగును, పలక మీద భారము పెరుగును. గాత్రమునకు ఒక శ్రుతి, వీణకు ఒక శ్రుతి ఉండుట లోపము కాదు.

అలంకారమును మేము నిందించుట లేదు. పనివాని ఉలికి అది పండుగ. కాని పరిమితమైన డబ్బుతో పోవువారు నగిషీకి ఇచ్చు ప్రతి రూపాయియు కుండ నుండియో, మేళము నుండియో తగ్గుననునది మరువరాదు. పాత వీణలకు దంతపు పని ఉండెడిది. ఏనుగు దంతపు వ్యాపారము నేడు చట్టరీత్యా నిషిద్ధము. కావున దంతపు పనియని చెప్పి ఎవరైన ఎక్కువ వెల అడిగినచో అది అబద్ధమైనను, నిజమైనను కొనదగినది కాదు.

తక్కువ డబ్బుతో మంచి వీణ కావలెననువారికి పాత వీణ ఒక మార్గము. పెండ్లియై పోయిన ఆడపడుచు వీణ అటకమీద నున్న ఇండ్లు ఎన్నియో కలవు. చక్కగా కాపాడిన పనస కొయ్య ఏండ్లు గడచినకొలది ఆరి, ధ్వనికి మాధుర్యము పెరుగునని వైణికుల అనుభవము. అట్టి వీణలో మేళము పాడైయున్నను బెదరనక్కరలేదు, క్రొత్తగ కట్టించవచ్చును. చూడవలసినవి వేరు. గుఱ్ఱము కింద పలక గుంటపడినదా? దండికిని కుండకును నడుమ పగులున్నదా? కొయ్యలో పురుగు తొలిచిన రంధ్రములున్నవా? ఈ మూడును లేనిచో ఆ వీణ నిధి వంటిది.

ఎలక్ట్రానిక్ వీణలును నేడు దొరకుచున్నవి. వానిలో మెట్లకు మైనముతో పనిలేదు, ప్రయాణమునకు భాగములుగ విడదీయవచ్చును, ధ్వనిని పెంచుకొనవచ్చును. ఇతర దేశములందు నివసించుచు, మేళము కట్టు మనిషి దొరకని మన తెలుగు కుటుంబములకు అవి గొప్ప ఉపకారము. కాని కొయ్య కుండను ఒడిలో పెట్టుకొని మీటినపుడు శరీరమునకు తాకు కంపము వాని వలన కలుగదు. మేళము కట్టువారు అందుబాటులో నున్నచోట కొయ్య వీణనే కొనుడని మా సలహా.

ఈ సందర్భమున మా వృత్తికి సంబంధించిన మాట ఒకటి. రేడియోలో ఈమని శంకరశాస్త్రిగారి వీణను, చిట్టిబాబుగారి వీణను విని పెరిగిన చెవులు మనవి. ఆ ధ్వని మైకు మూలమున పెద్దదై మీ ఇంటికి వచ్చినది. ఇంటిలో మీటిన వీణ మెత్తగ, ఒక గదికి సరిపడునంతగ మాత్రమే పలుకును. దుకాణమున ఎక్కువ మ్రోగిన వీణయే గొప్పదని అనుకొనరాదు. ధ్వని ఎంత పెద్దదో కాదు, మీటిన పిమ్మట ఎంతసేపు నిలిచినదో వినవలెను.

డబ్బు సంగతి. మీరు ఎంత పెట్టదలచిన అంత మొత్తమును పది భాగములు చేయుడు. ఎనిమిది భాగములకు మించి వీణకు పెట్టవద్దు. ఒక భాగము గట్టి పెట్టెకు, గవిసెనకు, విడి తీగలకు. ఒక భాగము మేళపు మరమ్మతుకై దాచియుంచవలెను. మేళము శాశ్వతము కాదు, కొన్నేండ్లకొకసారి సరిచేయించవలసినదే. వీణ కొనునపుడే, "మేళం మళ్ళీ కట్టించాలంటే ఎవరు కడతారు? ఎక్కడికి తేవాలి?" అని అడుగవలెను. ఈ ప్రశ్నకు తిన్నని సమాధానము చెప్పలేని దుకాణమున కొనకుండుట మంచిది. చేసినవాని వద్దనే కొనినచో ఈ చిక్కే లేదు.

ఇంటికి తెచ్చిన పిమ్మట వీణను ఎండ తగులు కిటికీ వద్దను, వంటింటి గోడ ప్రక్కను ఉంచరాదు. వేసవిలో తలుపులు మూసిన కారులో విడువరాదు. సాధన ముగిసిన పిమ్మట పొడి గుడ్డతో తీగలు తుడువవలెను. సముద్రతీర పట్టణములందు ఉక్కు తీగ త్వరగ తుప్పుపట్టును. వ్రేళ్ళకు కొబ్బరినూనె ఒక చుక్క చాలును. ఎక్కువైనచో మైనపు గట్ల మీద చేరి మురికి పట్టును.

మా ఇంటి వీణ కథను నడుమ విడిచితిమి. ఒకసారి ఉద్యోగపు పని మీద బొబ్బిలి పోవలసివచ్చినపుడు పిల్లను, వీణను వెంట తీసికొనిపోయితిమి. గొల్లపల్లిలో ఒక వృద్ధ శిల్పి వీణను ఒడిలో పెట్టుకొని, బంగారు యాళి వంక చూడనైన చూడక, నాలుగవ మెట్టును రెండుమార్లు మీటెను. పిమ్మట పిల్లను షడ్జము నుండి గాంధారము వరకు పాడుమనెను. ఆమె భయపడుచు పాడెను. ఆయన మరియొకమారు పాడించి విని మాతో అనెను: "పిల్ల చెవిలో తప్పు నేదు బాబూ. తప్పంతా మెట్టులోనే ఉన్నాది."

ఆ మాట విని పిల్ల మా ముఖము చూచెను. ఆ చూపునకు సమాధానము మా వద్ద లేదు.

ఆయన ఇనుపకమ్మిని కాల్చి మైనమును మెత్తబరచి, మెట్టును వ్రేలితో పట్టుకొని, "పాడమ్మా, నీ గొంతుకెక్కడుంటే అక్కడే నిలబెడతాను" అనెను. ఆమె పాడుచుండగా ఆయన మెట్టును కొంచెము కొంచెముగ జరిపెను. ఒకచోట తీగయు గొంతును కలిసి అల ఆగిపోయెను. పిల్ల తానే "ఆగండి తాతా!" అనెను. ఆయన నవ్వి మెట్టును అచటనే నిలిపెను. తక్కిన మెట్లు కూడ సరిచేయుటకు సాయంకాలమైనది. తిరుగు ప్రయాణమున ఆమె పెట్టెను ఎవరిచేతికిని ఈయలేదు.

తిరిగి వచ్చిన పిమ్మట ఆమె సాధన మొదలుపెట్టినది, నేటికిని చేయుచున్నది. గొప్ప విద్వాంసురాలగునని మేము చెప్పము. కాని చెవి లేదని అనుకొనుట మానినది. పోయిన ఆ ఏడాదిని మాత్రము మేము ఆమెకు తిరిగి ఈయలేము.

కావున ఈ దశమికి వీణ కొనదలచినవారికి మా చివరి మనవి ఇది. దుకాణమునకైనను, గొల్లపల్లికైనను పోవునపుడు పిల్లను ఇంటివద్ద విడిచి పోవద్దు. నేర్చుకొనబోవునది ఆమె. వీణను ఆమె ఒడిలో పెట్టి, ఆమెచేత పాడించి, ఆమెచేత మీటించి చూడుడు. ఇంటికి వచ్చిన తరువాత ఏనాడైన ఆమె, "ఇక్కడ స్వరం వేరుగా ఉంది" అని చెప్పినచో నవ్వక, ఆమె వ్రేలు ఏ మెట్టు మీద నున్నదో మొదట చూడుడు.